తందాన కథ – షేకు నాజరు

పుంగనూరు ఆవును మొదటిసారి చూచిన పొరుగూరివాడు నవ్వక మానడు. గజమెత్తైన లేని ఆ పశువును దూడయని భ్రమపడి, దాని ప్రక్కనే దాని దూడను చూచి తెల్లబోవును. ఆ పాలను కాచి, తోడువేసి, చిలికిన యిల్లాలు మాత్రము నవ్వదు. అందలి వెన్న యెంతయో ఆమె యెరుగును. ఆకారమునుబట్టి విలువకట్టుట మనుష్యులకు సహజమైన దుర్గుణము. పశువుల విషయమున ఈ దుర్గుణము సంతలోనే సవరింపబడును. కళల విషయమున తరతరములు గడచినను సవరింపబడదు.

సంగీతవాద్యములను తలచుకొనునప్పుడు మనకు వీణయు, ఫిడేలును, వేణువును, మృదంగమును జ్ఞప్తికి వచ్చును. వీనికి శాస్త్రగ్రంథములు కలవు, సభలు కలవు, బిరుదులు కలవు. భుజముపై మోయదగినవియు, నిలుచుండి, నడచుచు, నవ్వించుచు మీటదగినవియు నగు చిన్న తంత్రీవాద్యములు మరికొన్ని కలవు. శిష్టులు వీనిని సంగీతముక్రింద లెక్కింపరు. అయినను సభామందిరము గడపయెరుగని లక్షలాది జనుల చెవికిని మనస్సునకును చేరినవి ఇవియే. అట్టివానిలో మన తెలుగుదేశపు బుర్ర యొకటి. దానిని భుజాన వేసికొని తెలుగువారిని నవ్వించి, యేడ్పించి, ఆలోచింపజేసిన షేకు నాజరు చరిత్రమును, ఆ కళ చరిత్రమును ఈ వ్యాసమున ముచ్చటింపదలచితిమి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడూళ్లును పూర్వపు చిత్తూరు జిల్లా పడమటివైపున, తెలుగునకు కన్నడమును అరవమును తగిలెడు సీమలో నున్నవి. సంగీతమన్నచో మదనపల్లెవారికి 1919వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చును. ఆ యేట ఫిబ్రవరి నెలలో రవీంద్రనాథ ఠాకూరు ఇచ్చటి దివ్యజ్ఞాన సమాజమువారి కళాశాలలో విడిసి, తన జనగణమన గీతమును ఆంగ్లమున వ్రాసియిచ్చెను. ఐర్లండు దేశమున పుట్టి సంగీతవిద్య నభ్యసించిన మార్గరెటు కజిన్సు ఆ గీతపు స్వరములను పాశ్చాత్యపద్ధతిని లిపిబద్ధము చేసెను. ఇది యీ యూరికి గర్వకారణమగుట న్యాయమే. కాని కళాశాల ప్రహరీకి వెలుపల మరియొక సంగీతము అంతకు ముందునుండియు నున్నది. పుంగనూరున సుగుటూరు గంగమ్మ జాతరయు, కుప్పమున తిరుపతి గంగమ్మ జాతరయు జరుగునప్పుడు చుట్టుప్రక్కల పల్లెలన్నియు అచ్చటికే కదలును. ఈ సీమలో ద్రౌపదీదేవి గుడులయొద్ద పదునెనిమిది దినములు భారతము జరుగును. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. కడపటినాడు నేలపై పరుండబెట్టిన మట్టి దుర్యోధనుని తొడ విరుగువరకు ఊరివారు కదలరు. అక్షరమొక్కటి రాని ముసలివాడు మా ప్రాంతమున ఉద్యోగపర్వమును తప్పులేక చెప్పగలుగుట ఈ కారణముచేతనే.

హరికథయు వీథినాటకమును గాక మూడవది తందాన కథ. కోస్తావారు దీనిని బుర్రకథ యందురు. తెలంగాణమున తంబుర కథ యనియు, శారద కథ యనియు పేళ్లు కలవు. రాయలసీమలో తందాన కథ యనియు, సుద్దులనియు వ్యవహరింతురు. కథకుడు మీటు తంబుర బుర్ర గుండ్రనిదగుటచే బుర్రకథ; వంతపాడువారి పల్లవి తందాన యగుటచే తందాన కథ. పేరేదైనను ఏర్పాటొక్కటియే.

దీనికి ముగ్గురు మనుష్యులు, ఒక తంబుర, రెండు గుమ్మెటలు చాలును. తెర యక్కరలేదు, కట్టిన రంగస్థల మక్కరలేదు, రచ్చబండ చాలును. నడుమ నిలిచినవాడు కథకుడు. తలపాగా చుట్టి, నిలువుటంగీ తొడిగి, కాళ్లకు గజ్జెలు కట్టి, కుడిభుజమున తంబుర నానించును. ఒకచేత తంత్రిని మీటుచు, వ్రేళ్లకు తొడిగిన అందెలను తాళముగా మ్రోగించుచు, ముందుకు నాలుగడుగులు వెనుకకు నాలుగడుగులు వేయుచు, పాటయు మాటయు కలిపి కథ నడపును. ఇరువైపుల నిలిచినవారు వంతలు. వారు గుమ్మెట వాయించుచు పల్లవి నందుకొందురు. వారిలో నొకడు హాస్యగాడు. రెండవవాడు లోకవ్యవహారమును, రాజకీయమును ముచ్చటించువాడు. కథకుడు పూర్వకథను చెప్పుచుండగా హాస్యగాడు చూపరులలో పామరుడైనవాడు అడుగదలచి అడుగలేని ప్రశ్నను తానే యడుగును. రెండవ వంత ఆ పూర్వకథకు నేటి యూరి సంగతిని ముడివేయును. రాజు రైతులను పన్నులతో పీడించెనని కథకుడనగానే, అది యే రాజ్యమున, మన రాజ్యముననేనా యని వంత యడిగినచో, జనులు నవ్వుదురు. ఆ నవ్వులో చరిత్రము వర్తమానమగును.

ఈ కళకు ప్రాణమైన విషయమొకటి కలదు. నాదస్వరము నూదువానికి మాటాడుటకు వీలులేదు. వీణ వాయించువాడు కూర్చుండి తన వ్రేళ్లను కనిపెట్టియుండవలెను. బుర్ర మోయువానికో, నోరు ఖాళీగా నుండును, కాళ్లు ఖాళీగా నుండును, కన్నులు జనులపై నుండును. వాద్యము చేయు పని స్వల్పమగుటచే మాటకు చోటు దొరకినది. కావున ఇట్టి వాద్యముల చరిత్రము రాగముల చరిత్రము కాదు. ఆ వాద్యము చాటున మనుష్యులు ఏమి పలికిరి, దానికి లోకము వారికేమి యిచ్చెను అను చరిత్రము. ఈ మాట మన దేశమునకే కాక పరదేశములకును చెల్లును. నిదర్శనముగా నొక పరదేశపు కథకుని సంగతి సంగ్రహముగ చెప్పుదుము.

పసిఫిక్ మహాసముద్రములోని హవాయి దీవులకు 1879లో పోర్చుగీసువారి మదీరా ద్వీపమునుండి రావెన్స్‌క్రాగ్ అను ఓడలో చెరకుతోటల పనికి కూలీలు వచ్చిరి. వారిలో కొయ్యపని తెలిసినవారు ముగ్గురు తమ దేశపు చిన్న గిటారు మాదిరిని అచ్చటి కొయ్యతో చేసి అమ్మసాగిరి. నాలుగు తంత్రుల ఆ వాద్యమునకు హవాయివారు యుకులేలే యని పేరిడిరి. కుక్క యొంటిపై దుముకు పురుగని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. తంత్రులపై వ్రేళ్లు అట్లు గంతులు వేయునట. హవాయి రాజు కలాకవా దానిని ఆదరించెను. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనమున హవాయివారు దానిని వాయింపగా, అమెరికా దేశమంతయు ఆ చిన్న వాద్యము వెఱ్ఱిలో పడెను.

ఆ వెఱ్ఱికి ప్రతినిధియైనవాడు క్లిఫ్ ఎడ్వర్డ్సు. 1895లో మిస్సోరి రాష్ట్రములోని హానిబాలున పుట్టి, బాల్యముననే బడి విడిచి, మద్యశాలలలో పాడి పొట్టపోసికొనెను. ఆ శాలలలోని పియానోలు నమ్మదగినవి కావు. కావున చేతబట్టుకొని తిరుగదగిన యుకులేలేను తనకుతానే నేర్చుకొనెను. యుకులేలే ఐకు అను మారుపేరు వాద్యమునుబట్టి వచ్చినదే. 1920 తరువాత గ్రామఫోను పలకలవలన ఆతని గొంతు ఇంటింట వినబడెను. టాకీలు పుట్టగానే 1929లో వెండితెర నెక్కెను. 1940లో డిస్నీవారి పినోకియో చిత్రములో కొయ్యబొమ్మకు బుద్ధులు చెప్పు కీచురాయికి గొంతునిచ్చినవాడు ఇతడే. ఆర్జించిన ధనము తాగుడుపాలును అప్పులపాలును అయ్యెను. 1971 జూలైలో ధర్మచికిత్సలో నుండి మరణించినప్పుడు శవమును అడుగువారు లేక, అది మొదట వైద్యకళాశాలకు చేరెను. అతని పాటకు నవ్వినవారు లక్షలు. మోయుటకు నలుగురు కరువైరి.

ఎడ్వర్డ్సు దుర్గతికి తాగుడొక్కటే కారణమని తీర్పుచెప్పుట సులభము. కాని మరియొక కారణము కలదు. ఆతని పాట వేడుక. వేడుక తీరినవారికి వేడుకకానితో పనిలేదు. ఆతడు ఒక యూరివాడు గాడు, ఒక సంఘమువాడు గాడు, ఒక తలంపువాడు గాడు. తేలిక వాద్యము పట్టిన మనుష్యునికి బరువైన మాట తోడుకానిచో ఏమగునో ఆతని జీవితమువలన తెలియుచున్నది. ఇక మన బుర్రకు అట్టి మాట ఎట్లు తోడయ్యెనో చూతము.

మొదట ఈ కళ జంగములది. ఊరూర తిరిగి భిక్షమెత్తు జంగము కథ చెప్పగా అతని యాలు వంతపాడుట ప్రాచీనాచారము. అందుచే దీనికి జంగముకథ యను పేరును కలదు. కోత కోసి కళ్లము నూర్చిన దినములలో వీరు వచ్చిన, రైతు చేటెడు గింజలు పోయును. ఇల్లాలు పాతచీర నిచ్చును. రాత్రి కథ విని కన్నీరు కార్చిన యింటివారే మరునాటి యుదయమున ఆ కథకునికి అరుగుమీద కూడ చోటీయరు. కళను లోనికి రానిచ్చి కళాకారుని బయట నిలుపుట మన దేశమున క్రొత్త విషయము కాదు.

ఆ జంగములు చెప్పిన కథలు బాలనాగమ్మ కథ, కాంభోజరాజు కథ, కామమ్మ కథ, బొబ్బిలి కథ మొదలైనవి. సంస్కారదృష్టితో చూచువారు వీనిని రెండు విధముల పరీక్షింపవలెను. సామాన్యజనుల భాషను, వారి గృహజీవనమును, స్త్రీల దుఃఖమును ఇంత చక్కగా నిలిపినవి మన ప్రబంధములలో నరుదు. అయితే కామమ్మ కథ సహగమనమును కొనియాడిన కథ. సహగమనమును 1829లో బెంగాలునందును, మరుసటియేట మద్రాసు రాజధానియందును శాసనముచే మాన్పిరి. శాసనము చితిని ఆర్పగలిగెను గాని పాటను ఆర్పలేదు. చట్టము మారిన చాలకాలమునకును ఆ కథ విని కొంగుతో కన్నులొత్తుకొన్న తల్లులు కలరు. సంఘసంస్కరణమున గద్యవ్యాసములకును ఉపన్యాసములకును అందని మూల యేదియో ఇందువలన తెలియును. పాట చేసిన పనిని పాటయే సరిదిద్దవలెను. ఆ పనికి పూనుకొన్నవారు 1940 తరువాత వచ్చిరి.

షేకు నాజరు 1920 ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామమున జన్మించెను. తండ్రి మస్తాను. కుటుంబము పేదది. కులము దూదేకుల, దీనినే పింజారి యనియు నందురు. మతమున ముసల్మానులు, ఇంట మాటాడు భాష తెనుగు, కులవృత్తి దూదియేకుట. ఇటు హిందువులలోను, అటు ఉర్దూ మాటాడు ముసల్మానులలోను పూర్తిగా చేరక, ఇరువురిచేతను తక్కువగా చూడబడిన వారు వీరు. పింజారి యను మాటను తిట్టుగా వాడుట మన పల్లెలలో నిన్నమొన్నటి సంగతి. తన జీవితకథను అంగడాల వెంకటరమణమూర్తి గ్రంథస్థము చేసినప్పుడు నాజరు దానికి నిలిపిన పేరు పింజారి. తిట్టును బిరుదుగా ధరించుటకు ధైర్యము కావలెను.

బాలునికి గొంతు మంచిది. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్యయొద్ద సంగీతము నేర్చెను. ఒక దూదేకుల పిల్లవానికి సరళీస్వరములనుండి కర్ణాటక సంగీతము చెప్పుట ఆ దినములలో గురువునకును శిష్యునకును చిన్న పని గాదు. నాటకసమాజములలో చేరి బాల్యమునుండియే వేషములు ధరించెను, స్త్రీపాత్రలును వేసెను. హార్మనీ శ్రుతిపై పద్యము నెత్తుట, రంగముపై నడక, కంటితోను కనుబొమతోను భావము చూపుట, ఆడుదాని దుఃఖమును మగగొంతుతో పలుకుట ఇవన్నియు అక్కడ అబ్బినవే. ఇవే తరువాత బుర్రకథకు సొమ్ములైనవి.

రెండవ ప్రపంచయుద్ధకాలము. 1943లో బెంగాలు కరువున ముప్పదిలక్షలవరకు జనులు మరణించిరని గణించినవారు కలరు. ఆ యేడే దేశమున ప్రజానాటకోద్యమము సంఘటితమయ్యెను. ఆంధ్రదేశమున డాక్టరు గరికపాటి రాజారావు మొదలగువారి నాయకత్వమున ప్రజానాట్యమండలి వెలసెను. నాటకమునకు తెరలు, దీపములు, నటీనటులు, బండ్లు కావలెను. పల్లెకు పోవుటకు అంతకంటె తేలికసాధనము వెదకగా జంగముల బుర్ర కంటబడెను. కాకుమాను సుబ్బారావు దళము మొదట దారితీసెను. సుంకర సత్యనారాయణ కష్టజీవి యను కథను, అల్లూరి సీతారామరాజు కథను వ్రాసెను. నాజరు ఆ దారిని పట్టి దానిని రాజమార్గము చేసెను.

నాజరు చేసిన మార్పులేవి? జంగముకథలో పాట ఒక వరుసలో సాగును; రాత్రి గడచుచుండ వినువానికి కునుకు వచ్చును. నాజరు తాను నేర్చిన రాగములను ఘట్టమునకు తగినట్లు కథలోనికి దింపెను. నాటకమున నేర్చిన అభినయమును జోడించి, కథ చెప్పువాడే క్షణములో తల్లియు, మరుక్షణమున శత్రువును, వెంటనే ఇరువురిని చూచి జాలిపడు కథకుడును అగునట్లు చేసెను. హాస్యమును మోటుతనమునుండి తప్పించి కథకే ఉపకరించునట్లు దిద్దెను. ఈ మూడు మార్పులతో, వీథిలో నిలుచుండి వినుట నామోషీ యనుకొనిన యిండ్లవారు కూడ చాపలు తెచ్చుకొని కూర్చుండిరి.

ఆతడు చెప్పిన కథలను గమనించినచో ఉద్దేశము స్పష్టమగును. పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు, బెంగాలు కరువు వానిలో ముఖ్యములు. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ ఫిరంగులకు కూలిన బొబ్బిలి కోటయు, 1922 మొదలు 1924 వరకు మన్యమున జరిగిన పితూరీయు, కలకత్తా వీథులలో అన్నము లేక పడిన జనులును ఒకే గొంతున ఒకే యూరిలో వరుసగా వినబడుట పల్లెవారికి క్రొత్త. పాఠశాల లేని యూళ్లకు చరిత్రపాఠము ఈ విధముగ చేరెను.

వీనిలో పల్నాటి కథను ప్రత్యేకముగ చెప్పవలెను. శ్రీనాథునిపేర వెలసిన పల్నాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతము 1911లో ప్రకటించువరకు పండితలోకము దానిని గౌరవింపలేదు. పిచ్చుకుంటులవంటి గాయకులే దానిని కాపాడిరి. అందు బ్రహ్మనాయుడు సర్వకులములవారిని ఒక చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టెనని కథ. మాలకులమున పుట్టిన కన్నమదాసు సేనానాయకుడయ్యెను. సహపంక్తిభోజనమునుగూర్చి ఇరువదవ శతాబ్దమున మన సంస్కర్తలు ఉపన్యాసములిచ్చి రాళ్లదెబ్బలు తినుచుండగా, ఏడెనిమిది వందల యేండ్లనాటి చాపకూటిని ఒక దూదేకుల గాయకుడు ఊరినడుమ పాడి వినిపించినప్పుడు రాయి విసరుటకు ఎవరికి చేయివచ్చును? వినువారు తమ తాతలను ఎట్లు కాదందురు? ఉపన్యాసము వాదమును రేపును. కథ జ్ఞాపకమును రేపును. ఆ కథలోనే విమర్శింపదగినదియు నొకటి కలదు. నాగమ్మ యను స్త్రీ స్వశక్తిచే మంత్రిణి కాగా, కథాసంప్రదాయము ఆమెను కుటిలస్త్రీగానే నిలిపినది. చదువుకొనిన సోదరీమణులు ఈ కథను తిరిగి చెప్పినచో ఆమెకు న్యాయము జరుగునేమో. అట్టివారు లేకపోలేదు. మోటూరు ఉదయము మున్నగు స్త్రీలు 1940 తరువాతి దినములలోనే దళముగా నేర్పడి, వేలజనులయెదుట నిలిచి బుర్రకథలు చెప్పిరి. ఆడుది రంగమెక్కిన కులము చెడునను అపవాదమునకు వారు ఆచరణముతో బదులు చెప్పిరి.

మాట బలపడినకొలది ప్రభువులకు భయము పుట్టెను. బ్రిటిషువారు మద్రాసు రాజధానిలోను, నిజాము తన సంస్థానమునందును బుర్రకథపై నిషేధము విధించిరి. తరువాత కమ్యూనిస్టు పక్షముపై మద్రాసు ప్రభుత్వము నిషేధము విధింపగా ప్రజానాట్యమండలి కళాకారులును చెదరవలసివచ్చెను. వీణకచేరీని నిషేధించిన ప్రభుత్వమును గూర్చి మేము వినలేదు. మూరెడు కొయ్యకు తంత్రి బిగించిన వాద్యమునకు ఫిరంగికి భయపడినట్లు భయపడిరనగా, వారి భయము ఆ తంత్రిని గూర్చి కాదు. దాని చాటున ఖాళీగా నున్న నోటిని గూర్చి.

పల్లెలలో దారి మూసికొనినప్పుడు వెండితెర తెరచుకొనెను. 1953లో గరికపాటి రాజారావు తీసిన పుట్టిల్లు చిత్రమునందును, 1954లో వచ్చిన అగ్గిరాముడు చిత్రమునందును నాజరు బుర్రకథ కలదు. రెండవదానిలోని అల్లూరి సీతారామరాజు కథ తెలుగుసీమ నలుమూలలకు ప్రాకెను. నాజరును ఎన్నడు చూచియెరుగని దూరపు పల్లెలకు కూడ ఆయన తంబుర మీటు తీరు ఈ చిత్రములచే చేరెను. 1986లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చెను. ఒకనాడు ప్రభుత్వము నిషేధించిన వాద్యమునకు మరియొకనాడు ప్రభుత్వమే పట్టముగట్టినది. 1997 ఫిబ్రవరి 22వ తేదీన నాజరు కన్నుమూసెను. కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపితమైనదియు ఆ సంవత్సరమే.

ఇచ్చట ఒక ఆక్షేపణమును విచారింపవలెను. ఒక రాజకీయపక్షమునకు పనిచేసిన కళ కళ యగునా, ప్రచారమా యని యడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనది. కాని హరికథ ధర్మమును ప్రచారము చేయదా? ద్రౌపది గుడియొద్ద పదునెనిమిది దినములు జరుగునది అధర్మము జయింపదను ప్రచారము కాదా? బోధింపని కథ మన దేశమున పుట్టనేలేదు. కావున బోధ కలదా లేదా యనునది పరీక్ష గాదు. బోధించువానిని ఎదుట నిలిచి ప్రశ్నించుటకు చోటు కలదా లేదా యనునదే పరీక్ష. తందాన కథలో ఆ చోటు ఏర్పాటులోనే యున్నది. హాస్యగాడు కథకుని ఆపి, ఇది నిజమేనా యని యడుగగల్గినంతవరకు అది కళ. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వశాఖలవారు కుటుంబనియంత్రణమునకును, పొదుపునకును బుర్రకథలు చెప్పించిరి. ఉద్దేశము మంచిదే. కాని చాలచోట్ల వంత ప్రశ్నించుట మాని తలయూపుట నేర్చెను. తలయూపు వంత చేరిననాడు ఏ పక్షముదైనను, ఏ ప్రభుత్వముదైనను ఆ కథ చప్పబడును. జనులు లేచిపోయిన దోషము జనులది గాదు.

మరియొక విషయము ఇంతకంటె బరువైనది. సంస్కర్తలు బుర్రను జంగమునొద్దనుండి తీసికొని, దానికంటియున్న భిక్షాటనమును తొలగించి, గౌరవము కల్పించిరి. వాద్యమునకు గౌరవము వచ్చినది, జంగమునకు రాలేదు. బుర్రకథ సభల కెక్కిన పిదప, సినిమా యూళ్లకు వచ్చిన పిదప, కళ్లములయొద్ద చేటెడు గింజలును తగ్గిపోయినవి. బుడగజంగముల పిల్లలలో అనేకులు తాతల కథలను మరచి కూలికి పోయిరి, కొందరు పాతసామానుల బేరమునకు తిరిగిరి. నాజరును నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. ఆయన తానే అవమానపడిన కులమునుండి వచ్చినవాడు. కళను సంస్కరించినప్పుడు, ఆ కళను అంతవరకు ఆకలితో మోసినవారిని కూడ లెక్కలోనికి తీసికొననిచో ఆ సంస్కరణము సగమే యగునని చెప్పుటయే మా యుద్దేశము.

ఎడ్వర్డ్సునకును నాజరునకును వాద్యములు రెండును తేలికవే. ఇరువురును పేదలై పుట్టి, నోటిమాటతోను తంత్రితోను పైకివచ్చినవారే. ఇరువురును వెండితెర నెక్కిరి. ఒకరి పాట వెనుక వేడుక తప్ప మరేమియు లేకపోయెను. మరియొకరి పాట వెనుక చాపకూడు, మన్యపు పితూరీ, బెంగాలు ఆకలి నిలిచినవి. అందుచేతనే నాజరు వేషమును, నడకను, గొంతు విరుపును నేటికిని అనుకరించువారు కలరు. ఆయన జన్మదినమున సభలు జరుపువారు కలరు.

చదువరులైన గృహస్థులు ఈ విషయమున చేయదగినవి కొన్ని కలవు. వివాహములకును నామకరణములకును చెవులు చిల్లులుపడునట్లు యంత్రముల మ్రోతకు ధారపోయు ధనములో కొంత తీసి, ఒక పూట తందాన కథ చెప్పించవచ్చును. చెప్పించునప్పుడు కూలి ముందుగా మాటాడి చేతికీయవలెను. మిగిలినకూడును పాతబట్టయు కూలి యనిపించుకొనవు. కథ ముగిసిన పిమ్మట కథకుని వంతలతో గూడ లోపలి పంక్తిలో కూర్చుండబెట్టి భోజనము పెట్టవలెను. ఆడపిల్లలను వెనుక తలుపుచాటున గాక ముందువరుసలో కూర్చుండబెట్టవలెను. బడిపిల్లలు జాతరలో విన్న కథను తమ మాటలలో వ్రాయుట ఉపాధ్యాయులు నేర్పవచ్చును. కుప్పమున జానపదవిజ్ఞానమును పరిశోధించువారు ముసలి జంగముల గొంతులను పదిలపరచుటతోనే తృప్తిపడక, వారి మనుమలు చదువుకొనుటకు దారిచూపవలెను. పల్నాటి చాపకూటి కథను ఎంత రసవత్తరముగ విన్నను, దానిని చెప్పినవానికి మన యింటి చాపపై చోటులేనప్పుడు మనము ఆ కథను విన్నట్లు కాదు.